అధికారుల వస్త్రవిచారణ

మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో ఆడువారి దుస్తులను గూర్చిన చర్చ మరల మరల రేగుచున్నది. పొట్టిలాగు తొడిగి అంగడికి వచ్చిన యువతిని జూచి ముసలివారు గొణుగుకొనుటలో వింత లేదు. ప్రతి తరమునందును పెద్దలు పిల్లల వేషమును జూచి గొణుగుచునే యుండిరి. ఆ గొణుగుడు ఇంటిలోనిది. దానితో పత్రికలకు పని లేదు. కాని రాజ్యభారము వహించినవారును, రక్షకభటశాఖను నడపువారును ఆ గొణుగుడునే తమ విధానముగా జేసికొని పలుకనారంభించినచో అది యింటి మాటగా నుండదు. తమ భుజముపైనున్న కర్తవ్యమును దింపి ఆడుపిల్ల పైటపై మోపుట యగును. ఇది మన రాజధానిలో ఒకసారి గాదు, పలుమారులు జరిగినది.

2011 వ సంవత్సరాంతమున, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు డైరెక్టరు జనరలు శ్రీ వి. దినేశ్ రెడ్డిగారు హైదరాబాదున పత్రికలవారిని సమావేశపరచి ఆ యేటి నేరముల లెక్కలు చెప్పిరి. అత్యాచారముల పెరుగుదలకు పోలీసులను నిందింపరాదనియు, కోస్తా గ్రామములలో సైతము స్త్రీలు సల్వారు కమీజులు తొడుగుచున్నారనియు, ఇట్టి నవీనవేషములు రెచ్చగొట్టుచున్నవనియు వారి యభిప్రాయము. పాఠకమహాశయులు ఒక్క క్షణము నిలిచి ఆలోచింతురుగాక. సల్వారు కమీజు! మెడ మొదలు చీలమండ వరకు కప్పి, పైని ఓణీ గూడ వేసికొను దుస్తు! చీరకట్టులో నడుము కనబడును. ఇందులో నదియు కనబడదు. పాత వేషముకంటె క్రొత్త వేషమే ఎక్కువ కప్పుచున్నది. అయినను తప్పు క్రొత్తదానిదే యయ్యెను. బట్ట యెంత కప్పినది యను కొలతతో ఈ కోపమునకు సంబంధము లేదని దీనివలననే తెల్లమగుచున్నది. అమ్మమ్మ కట్టినది విడిచి మనుమరాలు తనకు నచ్చినది తానే యెంచుకొన్నది, సహింపరానిది అదియే.

ఆ పలుకులకు దేశమంతట నిరసన వెల్లువెత్తెను. బుద్ధివచ్చినదా? 2019 నవంబరు 27 వ తేదీ రాత్రి, సైబరాబాదు కమిషనరేటు పరిధిలో, శంషాబాదు చెంత తొండుపల్లి టోలుగేటువద్ద నుండి ఒక పశువైద్యురాలిని దుర్మార్గులు అపహరించి చంపిరి. ఆ రాత్రి ఫిర్యాదు చేయబోయిన కుటుంబమును, ఇది మా హద్దు గాదు, ఆ ఠాణాకు పొండని త్రిప్పిరి. జాప్యము జరిగినదని పై యధికారులే గ్రహించి ముగ్గురు పోలీసు ఉద్యోగులను సస్పెండు చేసిరి. అట్టి సమయమున హోంమంత్రి శ్రీ మహమూద్ అలీగారు పలికిన పలుకు లెట్టివి? ఆమె చదువుకొన్నదై యుండియు చెల్లెలికి ఫోను చేసెనేగాని 100 కు చేయలేదని! ఠాణాకు నడచి వెళ్ళినవారికే గతి యట్లున్నపుడు 100 ను పిలువనందుకు మృతురాలిని తప్పుపట్టుట యే న్యాయము?

నాలుగేండ్లు గడచినవి. 2023 జూనులో సంతోష్‌నగరునందలి ఒక మహిళా కళాశాలలో పరీక్ష వ్రాయవచ్చిన ముసల్మాను బాలికలచే బుర్ఖాలు తీయించిరని వివాదము పుట్టెను. దానిని గూర్చి ప్రశ్నింపగా అదే మంత్రిగారు, ఎవరి యిష్టమైన దుస్తులు వారు ధరింపవచ్చునని చెప్పిన నోటితోనే, స్త్రీలు తక్కువ బట్టలు తొడిగిన చిక్కులు వచ్చుననియు, ఎక్కువ తొడిగిన జనులకు నెమ్మదిగా నుండుననియు చేర్చిరి. అడిగినది తీయించిన బట్టను గూర్చి. వారు చెప్పినది తొడుగని బట్టను గూర్చి. ఇదే నగరమున 2019 లో బేగంపేటలోని ప్రసిద్ధమగు సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలలో కుర్తీ మోకాలు దాటవలెనని నిబంధన పెట్టి, వాకిటనే బాలికలను నిలిపి చూచి పంపిరి. విద్యార్థినులు సెప్టెంబరులో గుమిగూడి నిరసించిన పిదపగాని ఆ నిబంధన తొలగలేదు. ఒకచోట కప్పుకొమ్మనిరి, ఒకచోట తీయుమనిరి. పుస్తకములతో గుమ్మమున నిలువబడినది మాత్రము రెండుచోట్లను ఆడుపిల్లయే.

సంప్రదాయమును కాపాడుచున్నామని కొందరందురు. ఏ సంప్రదాయము? ఆసఫ్‌జాహీల దర్బారులో దస్తారు, బగ్లూసు లేక ప్రవేశము లేదు. షేర్వాణీయు, రూమీ టోపీయు ఒక తరము హైదరాబాదు ఉద్యోగులకు, హిందువులకు ముసల్మానులకు గూడ, ఠీవి నిచ్చిన వేషము. 1948 తరువాత అవి కచ్చేరీల నుండి మెల్లమెల్లగా మాయమై పంట్లామును చొక్కాయు వచ్చినవి. గ్రామములలో పంచెకట్టు తండ్రితో ఆగినది. కొడుకు జీన్సులో తిరుగుచున్నాడు. తెలుగుతనము మంటగలిసినదని అతనిని ఏ మంత్రి మందలించెను? ఏ పోలీసు అధికారి లెక్కలు చెప్పెను? ఆడుదాని సంగతికి వచ్చినప్పుడే మనకు పురాణకాలము జ్ఞప్తికి వచ్చును. నేడు సంప్రదాయమునకు ప్రాణమని చెప్పు రవికను ఎరుగకయే పొలములలో నాట్లువేసిన ముసలమ్మలు మన తాతల కాలమున ఊరూర నుండిరి. వారిని అవినీతిపరులని ఎవడైన ననునా?

తక్కువ బట్ట కట్టినవారిని జూచి ఈసడించిన పెద్దలలో ఒకరిని ఈ దేశము మరువరాదు. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీమహాత్ముడు అంగీని, తలపాగను విడిచి కొల్లాయి గట్టెను. పదియేండ్లకు, 1931 లో, ఆయన రాజప్రతినిధి భవనపు మెట్లెక్కుట చూచి, అర్ధనగ్నుడగు ఫకీరని చర్చిల్ దొర నోరు పారవేసికొనెను. బట్టను బట్టి మనిషి మర్యాదను కొలుచు విద్యలో ఆ దొర మన అధికారులకు పూర్వాచార్యుడు.

ఇక ఆ ప్రాంతపు సంగతి. 1998 నవంబరులో ప్రధాని వాజపేయిగారు సైబరు టవర్సును ప్రారంభించిరి. నాటి నుండి దూరపుటూళ్ళ బిడ్డలు, ముఖ్యముగా ఆడుపిల్లలు, వేలకువేలు అచ్చటికి బ్రతుకుతెరువునకై వచ్చిరి. పొద్దు తెలియని కొలువులు. అమెరికా మేల్కొన్నపుడు వీరును మేల్కొనవలెను. 2003 లో ఎం.ఎం.టి.ఎస్. రైలుబండ్లు వచ్చినవి. హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చునప్పటికి 2019 మార్చి. మేడలు లేచిన యిరువదియేండ్లకు! ఈ నడుమ 2013 అక్టోబరులో మాదాపురమున ఒక సాఫ్టువేరు ఉద్యోగిని, బాడుగ కారనుకొని యొక కారెక్కి చేటు పొందెను. చీకటిపడిన పిమ్మట నమ్మదగిన బండి లేకపోవుట ఆమె దోషమా?

కంపెనీలకు వేషనియమములున్నవి గదా యని కొందరు ప్రశ్నింతురు. ఉన్నవి. 2015 లో ఇన్ఫోసిస్‌వారు తమ నియమములను సడలించిరి; 2023 లో టి.సి.ఎస్.వారు మగవారిని వారమున నాలుగు దినములు పొడుగుచేతుల చొక్కాను పంట్లాములోనికి దోపుకొనుడనిరి. మాకు నచ్చినను నచ్చకున్నను అది జీతమిచ్చువాని మాట, నాలుగు గోడల లోపలి ఒడంబడిక. (ఆ గోడలవెలుపల మే నెల మండుటెండలో టై బిగించుకొని గొలుసు గేటు తీయు కావలివాని వేషమును గూర్చి మాత్రము ఏ పెద్దమనిషికిని జాలి పుట్టదు.) వీధిలో ఆ యువతికి వేషమును నిర్ణయించుటకు అధికారి యామెకు జీతమిచ్చుచున్నాడా? ఆమె కట్టు పన్నుతో ఆయనకే జీతము ముట్టుచున్నది.

అట్లయిన విచ్చలవిడితనమునకు మేము మద్దతిచ్చుచున్నామా? మోకాళ్ళవద్ద చిరుగులు పెట్టి అమ్ము పంట్లాములపై మాకును మోజు లేదు. ఆ ఖరీదుతో ఆ వీధికి దగ్గరనే శిల్పారామములో రెండు నేతచీరలు కొనవచ్చును. కొనిన సాలెవాని యింట పొయ్యి రాజును. తల్లి కూతునకు చెప్పవచ్చును, స్నేహితురాలు స్నేహితురాలికి చెప్పవచ్చును. వినుట వినకుండుట వారి వారి యిష్టము. లాఠీయు, ఠాణాయు చేతిలో నున్నవాడు చెప్పినప్పుడు అది సలహాగా నుండదు. నిందితుడు దానినే సాకుగా పట్టుకొనును. తండ్రి దానినే చూపి కూతుని కొలువు మాన్పించును. ఠాణాలోని రైటరు ఫిర్యాదు వ్రాసికొనుటకు ముందు, ఆ వేళ నీవేమి తొడిగితివని ప్రశ్నించును. 2022 లో కోజికోడు సెషన్సు న్యాయస్థానము రెచ్చగొట్టు దుస్తులను మాట తీర్పులో వ్రాయగా కేరళ హైకోర్టు ఆ మాటను కొట్టివేసెను. స్త్రీ దుస్తులు ఆమె సమ్మతికి గుర్తు కావని 2023 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము న్యాయమూర్తులకొరకు వెలువరించిన కరదీపికయు చెప్పుచున్నది.

ఈ యెరుక మన పోలీసు శాఖకు లేదా? ఉన్నది. 2014 అక్టోబరులో ఆరంభించిన షీ బృందముల భటులు సాదా దుస్తులతో బస్సు ఆగుచోట్ల నిలిచి ఆకతాయిలను పట్టుకొనుచున్నారు. కుర్తీ పొడవును కొలుచుటకు వారు పోవుట లేదు. ఏ చేయి ముందుకు సాగినదో చూచి ఆ చేతిని పట్టుచున్నారు. శాఖ చేయు పనిలో నున్న వివేకము శాఖాధిపతుల నోట నేల కొరవడవలెను?

ఈ యేటి చివర సైబరాబాదు కమిషనరుగారు పత్రికలవారిని పిలిచి లెక్కలు చెప్పుదురు. ఎన్ని ఫిర్యాదులు మా హద్దు గాదని ఒక ఠాణానుండి మరియొక ఠాణాకు త్రిప్పబడెనో, ఎందరు ఉద్యోగులపై అందుకు చర్య తీసికొనిరో, రాత్రి పదిగంటల తరువాత కార్యాలయముల వీధులలో ఎన్ని దీపములు వెలుగకున్నవో, ఆ మూడు అంకెలు చదువుమని మా మనవి.