చంక గ్రంథులన్నీ తీసేముందు ఈ ఒక్క ప్రశ్న వేయండి

డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు సీఈఓ గారికి,



మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ తొలిదశలోనే బయటపడింది. గడ్డతోపాటు చంకలో లింఫు గ్రంథులన్నీ తీసేశారు. పరీక్ష చేస్తే ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. ఇప్పుడు ఆ పక్క చెయ్యి వాచిపోయి జాకెట్టు పట్టదు. బిందె ఎత్తలేదు. అంబాజీపేట కొబ్బరి కొట్టులో పని మానేసింది. చూసినవాళ్లు బోదకాలు చేతికొచ్చిందా అని అడుగుతున్నారు.

రొమ్ములోంచి జబ్బు పాకితే సాధారణంగా ముందు చేరేది చంకలో మొదటి ఒకటి రెండు గ్రంథులకే. నీలిరంగు మందో, రేడియోధార్మిక మందో ఎక్కించి వాటిని పట్టుకుని, తీసి పరీక్షించడమే సెంటినెల్ నోడ్ బయాప్సీ. అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. అలా వదిలేసినా ఆయుష్షుకు లోటు రాలేదని 2010లో అమెరికా బీ-32 అధ్యయనం తేల్చింది. చెయ్యి వాపు సంగతి 2013లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది: అన్నీ తీస్తే నూటికి 20 మందికి, ఈ పద్ధతిలో 6 మందికి.

ఆ నీలిరంగు మందుగా వాడే మిథిలిన్ బ్లూ ఖరీదైనదేం కాదు. కావలసింది చెయ్యి తిరిగిన సర్జన్, పెథాలజిస్టు. అమలాపురంలో కుదరకపోతే విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపించండి.

ఆపరేషన్‌కు మీ ట్రస్టు అనుమతి కోరే ప్రతి దరఖాస్తులో, చంకలో గడ్డ తగలని మనిషికి ఈ బయాప్సీ గురించి చెప్పారా, చేయకపోతే ఎందుకు చేయలేదు అని రాయించండి. జవాబు లేని ఫైలు వెనక్కి కొట్టండి. ఇప్పటికే చెయ్యి వాచినవాళ్లకు ఫిజియోథెరపీ, కంప్రెషన్ స్లీవ్ రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఇప్పించండి.

ఇట్లు,
కొత్తపేట నుంచి ఒక ఆడపడుచు