అయిదో పిచ్చుక

ఏళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక విశ్వాసి మా చేతికి సంచి అందించాడు. "అయ్యగారూ, మీ కోసమే తెచ్చాను" అన్నాడు. అందులో పల్నాటి చేలగట్ల మీద ఉచ్చులు పన్ని పట్టిన నాలుగు కౌజు పిట్టలున్నాయి. అతని ప్రేమను కాదనలేక తీసుకున్నాము, వండించుకొని తిన్నాము. ఆ ఉదయం మేము ప్రసంగించింది పిచ్చుకను సైతం మరువని దేవుని గురించే!

మత్తయి సువార్త 10:29 ప్రకారం కాసుకు రెండు పిచ్చుకలు. లూకా 12:6లో రెండు కాసులకు అయిదు. అంటే అయిదోది కొసరు. సంతలో వెల కూడా లేని ఆ కొసరు పిట్టను దేవుడు మరువడని ప్రభువు చెప్పాడు. మనం పిచ్చుకలకంటె శ్రేష్ఠులమన్న మాట దగ్గరికి తొందరగా వెళ్లిపోయి పిచ్చుకను వదిలేస్తాము. శ్రేష్ఠత అంటే బాధ్యతే గాని ఉచ్చు పన్నే హక్కు కాదు.

మత్తయి 6:26లో ఆకాశపక్షులను చూడమన్నది ప్రభువు ఆజ్ఞ. అక్కడి గ్రీకు మాట 'ఎంబ్లెప్సాతే'కు తేరిపార చూడండని అర్థం. లండన్ బోధకుడు జాన్ స్టాట్ ఈ ఆజ్ఞను అక్షరాలా పాటించి, జీవితమంతా పక్షులను చూశాడు, వాటిపై పుస్తకం కూడా రాశాడు.

అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ నాడు పోటీలు పడి పక్షులను కాల్చేవారు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు, కాల్చకుండా లెక్కిద్దామన్నాడు. ఆ ఏడు 27 మంది లెక్కించారు. ఆ లెక్క నేటికీ సాగుతోంది. మన రాష్ట్రంలోనూ 1980లో పక్షి ప్రేమికులు హైదరాబాదులో ఒక సంఘంగా ఏర్పడ్డారు. లెక్క ఉంటేనే ఏ పక్షి తగ్గిపోతోందో తెలుస్తుంది, కాపాడటం సాధ్యమవుతుంది.

దూరం ఎందుకు? 2022 వరకు మనదీ గుంటూరు జిల్లాయే. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడులో ఊరి చెరువుల్లోని చెట్లపై గూడబాతులు, రంగుల కొంగలు గూళ్లు కడతాయి. ఊరివారే వాటికి కాపలా. వారు చేస్తున్న పని లేఖనంలో ఉన్నదే. గూటిలోని తల్లిని పిల్లలతో కలిపి పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22:6,7 చెబుతుంది. తలిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చిన దీర్ఘాయువు వాగ్దానమే అక్కడా ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అడవి పక్షుల వేటను నిషేధించింది.

ఆత్మల రక్షణ మాని పిట్టల లెక్కలా అని కొందరు అడగవచ్చు. నోవహు కుటుంబం, పక్షులు ఒకే ఓడలో రక్షణ పొందాయి కదా!

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పక్షుల గణన జరుగుతుంది. పావుగంట చూసి రాస్తే చాలు. ఈసారి మన యౌవనస్థులు మందిరపు ఆవరణలో ఆ పని చేయాలి. వేసవిలో గోడమీద ఒక నీళ్ల మూకుడు ఉండాలి. ఉచ్చులో పడిన పిట్ట ఇకమీదట ఏ సంఘ విందుకూ, ఏ కాపరి ఇంటికీ రాకూడదు. ముందుగా మా ఇంటికి.