తొలి గంట పాలు రికార్డుకెక్కాలి

దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం 41.8 శాతం బిడ్డలకే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెప్పిన ఈ తేడా తల్లుల తప్పు కాదు, వార్డుల వైఫల్యం. సిజేరియన్ అయిన తల్లి దగ్గరికి బిడ్డను ఎప్పుడు చేర్చారు, తొలిసారి పాలు ఎన్నింటికి పట్టించారు, డబ్బాపాలు పోస్తే ఎవరు చెప్పారు, ఎందుకు పోశారు? ఇవన్నీ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులో అప్పటికప్పుడు నమోదైతే ఏ ఆసుపత్రి తల్లికి ఎంత అండగా ఉందో తేలిపోతుంది. అమెరికాలో కేవలం తల్లిపాలే తాగిన శిశువుల శాతాన్ని ఇలాంటి రికార్డుల నుంచే లెక్కగట్టారు. అయితే రికార్డులో ఉత్తుత్తి టిక్కులతో ఒరిగేదేమీ లేదు. పక్కన కూర్చుని పాలు పట్టడం నేర్పే నర్సు ఉండాలి. 2016లో తల్లిపాలను ప్రోత్సహించే ‘మా’ కార్యక్రమం తెచ్చిన కేంద్రం, ప్రైవేటు ఆసుపత్రులకూ ఈ నమోదును తప్పనిసరి చేయాలి.