సర్పంచి కుర్చీలో సర్కారు ఉద్యోగి

పంచాయతీ యెన్నికలు కొంచెం ఆలస్యమైతే కొంప మునిగిపోతుందా అని అడిగే పెద్దమనుషులు మనలో చాలామంది వున్నారు. శాసనసభ యెన్నిక ఆర్నెల్లు ఆగితే వీరే ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని కేకలు పెడతారు. పల్లెటూళ్ల యెన్నిక రెండున్నరేళ్లు ఆగితే మాత్రం చీమ కుట్టినట్టయినా వుండదు.

నేను గాలి కబుర్లు చెప్పడం లేదు. రాష్ట్రం యింకా వొకటిగా వున్నప్పుడు, 2011 ఆగస్టులో పంచాయతీల గడువు తీరితే 2013 జులైకి గాని యెన్నికలు రాలేదు. ఆంధ్రలో 2018 ఆగస్టులో మళ్లీ తీరింది. పోలింగు 2021 ఫిబ్రవరిలో. తెలంగాణాలో 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చుంటే 2025 డిసెంబరు దాకా లేవలేదు. అయిదేళ్లు నిండకముందే కొత్త యెన్నిక పూర్తి కావాలని 243-ఇ అధికరణం 1993 నుంచీ ఘోషిస్తూనే వుంది!

సాకులకేం కొదవ? రిజర్వేషన్ల లెక్క తేలలేదు, కోర్టులో వ్యాజ్యం వుంది, కరోనా వచ్చింది. కరోనా వచ్చేనాటికే ఆంధ్రలో గడువు తీరి యేడాదిన్నర దాటింది. వెనుకబడిన కులాల వాటా న్యాయమైనదే, నేను కాదనను. కాని ఆ లెక్క తీయడానికి అయిదేళ్ల వ్యవధి చాలని ప్రభుత్వానికి యింకెన్నేళ్లు కావాలి?

ఆ మధ్యకాలంలో వూరికి అధిపతి యెవరు? వో మండలాధికారి, కాకుంటే వో వ్యవసాయాధికారి. తన కొలువు తనకుండగా నాలుగైదు వూళ్లు నెత్తిన పడతాయి. వీధిదీపం వెలగకపోతే సర్పంచి యింటి ముందు నిలబడి తిట్టవచ్చు. ఈయనను యెక్కడ నిలబడి తిట్టాలి? ఆపైన, యెన్నికైన పాలకవర్గం లేదు గనుక ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. తప్పు సర్కారుది, జుల్మానా వూరిది.

యింతకన్నా పెద్ద నష్టం వొకటుంది. సగం సర్పంచి పదవులు స్త్రీలవి. దళిత స్త్రీ సర్పంచి అయిన వూళ్లో, ఆమెకు కుర్చీ వేయడానికి మనసొప్పని ఆసామి కూడా సంతకం కోసం ఆమె గడప తొక్కక తప్పదు. ప్రత్యేకాధికారి రాగానే ఆ ఆసామి నిశ్చింతగా మండల కార్యాలయానికి వెళ్లి పని చక్కబెట్టుకుంటాడు. అక్కడ అతనికి కుర్చీ వేస్తారు కూడా.

“సర్పంచులు తినేస్తారండీ, ఆఫీసర్లయితే చదువుకున్నవాళ్లు” అంటారు. సర్పంచులందరూ హరిశ్చంద్రులని నేననను. తిన్న సర్పంచి అయిదేళ్లకు మళ్లీ ఆ వీధిలోకే రావాలి. తిన్న అధికారి బదిలీ మీద వెళ్లిపోతాడు. చదువు పేరుతో పెత్తనాన్ని సమర్థించడం తెల్లదొరల వాదమే. “మంచి కలెక్టరు” దొరికితే చాలునని పత్రికలు పొగడ్తలు రాస్తాయి. మనలో కొందరు రచయితలు కథలూ రాశారు. 1772లో వారెన్ హేస్టింగ్సు శిస్తు వసూలుకు పెట్టిన కొలువు అది! తెలంగాణా 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచిని తొలగించే అధికారం ఆ కలెక్టరుకు వుంది. వోటేసి గెలిపించిన వూరివాళ్లకు లేదు.

రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వం గుప్పిట్లో వున్నన్నాళ్లూ రాష్ట్ర యెన్నికల సంఘం చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ఆ పనిని గడువుకు ఆర్నెల్ల ముందే యెన్నికల సంఘానికి అప్పగించాలి. ప్రత్యేకాధికారిని నియమించే సెక్షన్లను చట్టాల నుంచి కొట్టివేయాలి. వోటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ నేను మొదట అడగబోయేది యీ రెండే.