చిట్టి తిరిగొచ్చాడు, పిచ్చుక రాలేదు

2010లో శంకర్ తీసిన ‘రోబో’కు కొనసాగింపు ‘2.0’, 2018 నవంబర్ 29న విడుదలైంది. నేటికీ జ్యోతినగర్‌లో ఆ మాటొస్తే మా మిత్రబృందం రెండు ముక్కలే. “సెల్‌ఫోన్లన్నీ కూడి పక్షిరాక్షసుడైతయా? సైన్సు చదివి ఇదా చూసేది?” అని ఒక వర్గం. “రజనీకాంత్ సినిమాకు లాజిక్కు అడుగుతరా? ఈల వేసి చూడాలె” అని రెండో వర్గం.

నాకు ఈలతో పేచీ లేదు. పావురాలెక్కి వచ్చే బుల్లి రోబోలను చూసి నేనూ నవ్విన. అసంభవాన్ని అసంభవంగా చూపితే ఎవరూ మోసపోరు. నా పేచీ సినిమా నిజమన్నట్టు చెప్పిన మాటతోనే: టవర్ల రేడియేషన్‌తో పిట్టలు చస్తున్నాయని. ఆ తరంగాలకు పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి లేదు. పక్షులను అవే చంపుతున్నాయనడానికి గట్టి రుజువూ లేదు. విడుదలకు ముందే సెల్ కంపెనీల సంఘం సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసింది. తగవు వాళ్లిద్దరిదే అయింది, మనం తప్పించుకున్నాం.

రైతుబిడ్డగా చెప్తున్న. పిచ్చుకపిల్లకు మేత పురుగులు. వాటిపై మందు కొట్టేది మనమే. గూడు కట్టుకునే పెంకుటింటి చూరు తీసి స్లాబు వేసిందీ మనమే.

మిత్రులారా, ఈల వేద్దాం. కాని ఊళ్లో చిన్నపిల్ల “నిజంగా టవర్లేనా అన్నా?” అని అడిగితే జవాబు చెప్పవలసింది సైన్సు చదివిన మనమే గదా!