ఎక్కే మెట్లు – దిగే మెట్లు

ఆలయ గోపురాన్ని దూరం నుంచి చూసేవారికి మొదట కనిపించేది కలశం. ఆ కలశాన్ని మోస్తున్న రాతి వరుసలు దగ్గరకు వెళ్తేనే కంటబడతాయి. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ విషయమూ అంతే. లోకానికి తెలిసింది ప్రీమియర్ లీగ్ అనే కలశం. అందులోని 20 జట్ల పేర్లు ఖండాంతరాలలోని బాలురకు సైతం కంఠస్థం. దాని కింద వరుసలు తీరిన వందలాది చిన్న క్లబ్బుల సంగతి ఎరిగినవారు తక్కువ. అయినా ఆ దేశపు క్రీడావ్యవస్థ గొప్పతనం కలశంలో కన్న ఈ వరుసలలోనే ఎక్కువగా ఉన్నది.

మొదటి అయిదు అంచెలు దేశవ్యాప్తమైనవి. ఆరో అంచె ఉత్తర, దక్షిణ విభాగాలుగా చీలుతుంది. ఏడో అంచెలో నాలుగు, ఎనిమిదో అంచెలో ఎనిమిది విభాగాలున్నాయి. కిందికి దిగినకొద్దీ విభాగాల సంఖ్య పెరుగుతుంది, ఒక్కొక్క విభాగపు ప్రాంతం కుదించుకుపోతుంది. దీనికి కారణం సుస్పష్టం. ఈ అంచెలలోని ఆటగాళ్ళలో అధికులు పగలు కార్ఖానాలోనో, పాఠశాలలోనో, దుకాణంలోనో పనిచేసి, సాయంకాలం మైదానానికి చేరుకునేవారు. మంగళవారం రాత్రి దేశం ఆ కొసకు వెళ్ళి ఆడి, బుధవారం ఉదయం పనిలో ఉండటం వారికి సాధ్యం కాదు. అందుకే ఏటా వేసవిలో ఫుట్‌బాల్ సంఘం దూరభారాన్ని లెక్కించి, అవసరమైతే కొన్ని క్లబ్బులను అదే అంచెలోని మరొక విభాగానికి మారుస్తుంది.

ఈ వ్యవస్థకు చక్కని ఉదాహరణ 1968లో ఆరంభమైన నార్తర్న్ ప్రీమియర్ లీగ్. దాని ప్రధాన విభాగం ఏడో అంచెలోను, తూర్పు, పడమర, మధ్య ప్రాంతాల విభాగాలు మూడు ఎనిమిదో అంచెలోను ఉన్నాయి. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో సొంత మైదానంలో ఒకసారి, పరాయి మైదానంలో ఒకసారి తలపడుతుంది. గెలుపునకు మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. ప్రధాన విభాగంలో ప్రథమ స్థానం పొందిన జట్టు నేరుగా ఆరో అంచెకు చేరుతుంది. రెండు నుంచి అయిదు స్థానాలలోని జట్లు తమలో తాము పోటీపడి మరొక అవకాశాన్ని దక్కించుకుంటాయి. అట్టడుగున నిలిచిన నాలుగు జట్లు కింది అంచెకు దిగుతాయి. అయితే ఆటలో గెలుపు ఒక్కటే చాలదు. మైదానం, ప్రేక్షకుల వసతులు నిర్ణీత ప్రమాణాలను అందుకోకపోతే గెలిచిన జట్టుకూ పై మెట్టు దక్కకపోవచ్చు.

ఈ మెట్లు పూర్వం ఇంత సుగమం కావు. 1888లో 12 జట్లతో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లో చిన్న క్లబ్బు ప్రవేశించాలంటే, అప్పటికే లోపల ఉన్న క్లబ్బులు ఓటు వేసి ఆమోదించవలసి వచ్చేది. నార్తర్న్ ప్రీమియర్ లీగ్ స్థాపక సభ్యులలో ఒకటైన విగన్ అథ్లెటిక్ అనేక పర్యాయాలు ప్రయత్నించి 1978లో గాని ఆ వాకిలి దాటలేకపోయింది. లోపలివారే ద్వారపాలకులైన చోట ప్రతిభకు నిరీక్షణ తప్పదు. 1987లో ఈ పద్ధతి మారింది. ఆ ఏడాది స్కార్‌బరో జట్టు గెలుపుతోనే లోపలికి వచ్చింది, లింకన్ సిటీ కిందికి దిగింది. దిగిన లింకన్ సిటీ మరుసటి సంవత్సరమే విజేతగా తిరిగి వచ్చింది. విగన్ క్లబ్బు సైతం 2013లో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్.ఎ. కప్పును గెలుచుకుంది. ఓడలు బండ్లు కావడం, బండ్లు ఓడలు కావడం అక్కడ నిత్యానుభవం.

వ్యక్తులకూ ఈ సోపానం ఆసరా అయింది. జేమీ వార్డీ పగలు కార్ఖానాలో వైద్యోపకరణాలు తయారుచేస్తూ, నార్తర్న్ ప్రీమియర్ లీగ్‌లోని స్టాక్స్‌బ్రిడ్జ్ క్లబ్బుకు వారానికి 30 పౌండ్ల వేతనంతో ఆడినవాడు. 2016లో ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచిన లెస్టర్ సిటీ జట్టులో అతడు ప్రధానమైన గోల్ వీరుడు.

అయితే కొందరి దృష్టిలో పతన భయం వ్యాపారానికి అరిష్టం. 2021 ఏప్రిల్‌లో ఐరోపాలోని 12 సంపన్న క్లబ్బులు, స్థాపక సభ్యులు ఏనాడూ కిందికి దిగనవసరం లేని ‘సూపర్ లీగ్’ను ప్రకటించాయి. వాటిలో ఆరు ఇంగ్లండుకు చెందినవే. అభిమానుల ఆగ్రహానికి తాళలేక ఆ ఆరూ రెండు రోజులలోనే వెనుకంజ వేశాయి. ఓటమికి ఫలితం లేని ఆటలో గెలుపునకూ విలువ ఉండదని సామాన్య ప్రేక్షకుడు గ్రహించినంతగా ధనికులైన యజమానులు గ్రహించలేదు.

ఈ వ్యవస్థ నిర్దోషమని చెప్పలేము. పై మెట్టుపై ఆశ, చేతిలో లేని ధనాన్ని వెచ్చింపజేస్తుంది. నార్తర్న్ ప్రీమియర్ లీగ్ తొలి విజేత మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ 2020లో అప్పుల భారంతో న్యాయస్థానం ఉత్తర్వు మేరకు మూతపడింది. అదే పట్టణంలో వెలసిన కొత్త క్లబ్బు 2021లో తొమ్మిదో అంచె నుంచి ప్రయాణం ప్రారంభించి, 2025లో నార్తర్న్ ప్రీమియర్ లీగ్ విజేత అయింది. కాని మూతపడిన ప్రతి క్లబ్బుకూ ఈ పునర్జన్మ లభిస్తుందన్న భరోసా లేదు. 2025లో బ్రిటన్ పార్లమెంటు క్లబ్బుల ఆర్థిక వ్యవహారాలపై స్వతంత్ర నియంత్రణకు చట్టం చేసింది. అయితే దాని పరిధి మొదటి అయిదు అంచెలతో ముగుస్తుంది. ఆ కింది క్లబ్బులకు ఊరివారే రక్ష. 2005లో మాంచెస్టర్ యునైటెడ్ యాజమాన్య మార్పును నిరసించిన అభిమానులు ఎఫ్.సి. యునైటెడ్‌ను స్థాపించి, సభ్యునికి ఒక ఓటు చొప్పున పాలించుకుంటూ, పదో అంచె నుంచి ఎదిగి, 2015లో సొంత మైదానాన్ని సమకూర్చుకున్నారు. ఒక్క ధనికుని ఔదార్యం కన్న వేలమంది చిన్న చందాలు క్లబ్బుకు స్థిరమైన పునాది.

ఎక్కడానికి మెట్లున్న చోట చిన్నవాడికి ఆశ ఉంటుంది. దిగడానికీ మెట్లుంటేనే పెద్దవాడికి వినయం ఉంటుంది. ఈ రెండింటిలో ఏది మూసివేసినా, మిగిలేది వేడుకే గాని క్రీడ కాదు.