గంగపాయల కూర పళ్లెంలో మంచిదే, గ్లాసులో వద్దు

వానలు పడితే చాలు, శనక్కాయ చేలల్లో గంగపాయల ఆకు నేలంతా పాకుతుంది. కొందరు పాయలాకు అంటారు. కూలికి వెళ్లినవాళ్లు కలుపని పీకి గట్టున పారేస్తారు. మా అమ్మ మాత్రం కొంగులో మూట కట్టుకొని తెచ్చేది. కందిపప్పు, పచ్చిమిరపకాయలతో ఉడికించి ఎనిపితే సంగటిలోకి ఎంతో రుచి.

అదే ఆకు వల్ల మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు కిడ్నీ జబ్బు. ఎవరో చెప్పారని మాత్రలు మానేసి, రోజూ పరగడుపున గ్లాసెడు గంగపాయల రసం తాగాడు. కాళ్లలో సత్తువ పోయి, గుండె దడతో మోసుకొచ్చారు. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. డయాలసిస్ కోసం వెంటనే పెద్దాసుపత్రికి పంపాము. బతికాడు. "ఆకే కదమ్మా, ఏం చేస్తుంది?" అని ఆయన భార్య అడిగింది. ఆమెకు చెప్పిన జవాబే అందరికీ చెబుతున్నాను.

వంద గ్రాముల పచ్చి ఆకులో సుమారు 490 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీలు ఎక్కువైనదాన్ని మూత్రంలో పంపేస్తాయి. పాడైన కిడ్నీలు పంపలేవు. అప్పుడు గుండె లయ తప్పుతుంది. పైగా ఈ ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. కిడ్నీలో రాళ్లు ఉన్నవారికి అది మంచిది కాదు. కూరగా ఒక పూట తినేది గుప్పెడే. రసం తీస్తే ఎన్ని గుప్పెళ్లు లోపలికి పోతాయో ఆలోచించండి.

అలాగని ఈ ఆకును చెడ్డది అనకండి. ఇందులో విటమిన్ సి, మెగ్నీషియం ఉన్నాయి. చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులకు దగ్గరి రకం మిగతా ఆకుకూరల కంటే ఇందులో ఎక్కువని 1986లోనే అమెరికా పరిశోధకులు రాశారు. ఆరోగ్యంగా ఉన్నవారు వారానికి ఒకటి రెండుసార్లు తినవచ్చు. ముందు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఆక్సాలిక్ ఆమ్లం తగ్గుతుంది. అన్నంలో పెరుగు కలుపుకొంటే అందులోని కాల్షియం మిగిలినదాన్ని చాలావరకు పట్టేస్తుంది.

పెంచడం సులభం. పగిలిన కుండలో ఎర్రమన్ను పోసి, జానెడు కాడ గుచ్చితే వేరు పట్టుకుంటుంది. మన ఎండలకు తట్టుకుంటుంది, నీళ్లు కొంచెం చాలు. పూత రాకముందే కొసలు తుంచుకోండి. చేలో కోసేటప్పుడు కలుపు మందు కొట్టారేమో అడగండి. కాడ విరిస్తే పాలు కారితే అది గంగపాయల కాదు, నానబాలు జాతి మొక్క కావచ్చు. దాన్ని వండకండి.

నా అభిప్రాయం ఒక్కటే. ఇది కూర, మందు కాదు. దీన్ని నమ్ముకొని బీపీ, షుగర్ మాత్రలు గానీ, గర్భిణులు ఐరన్ మాత్రలు గానీ మానకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు డాక్టరుగారిని అడగకుండా ముట్టకూడదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఏ పసరు తాగారో మేము అడగము. చెబితే తిడతామని మీరు దాస్తారు. ఈసారి మందుల చీటీతో పాటు ఆ ఆకును కూడా సంచిలో వేసుకొని రండి. ఎవరూ తిట్టరు, నేను చూసుకుంటాను.